టెన్షన్ పడొద్దు అని ఎవరూ అనని చోటు

ఇది అనంతపురం సాయినగర్‌లో మొదటి అంతస్తులో ఉన్న కౌన్సెలింగ్ సెంటర్ గురించి. నేను ఇక్కడికి వెళ్లడం మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. చిన్న వ్యాపారం చేసుకుంటూ, కట్టాల్సిన అప్పులూ రావాల్సిన బాకీలూ తలలో తిరుగుతుంటే రాత్రిళ్లు నిద్రపోలేని మగవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. వాళ్లు ఈ మెట్లు ఎక్కాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఐదోది ఎందుకు ఇవ్వలేదో కూడా రాస్తాను, దానికీ ఇక్కడి వైద్యానికీ సంబంధం లేదు.

నాది తాడిపత్రి. బండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్నాను. మా నాన్న కాలంలో తాడిపత్రి బండ అంటే మద్రాసు దాకా పేరు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి విట్రిఫైడ్ టైల్స్ రావడం మొదలైనప్పటి నుంచి ఇంటి లోపల బండ పరిచేవాళ్లు తగ్గిపోయారు. రేటు పెరగదు, కరెంటు బిల్లు తగ్గదు. బయట ఊళ్ల పార్టీలు సరుకు దించుకుని నెలల తరబడి డబ్బు వేయరు. బ్యాంకు కంతు, అంటే అప్పు వాయిదా, మాత్రం తేదీకి కట్టాల్సిందే.

ఒక మధ్యాహ్నం లారీకి లోడు ఎత్తిస్తుండగా ఛాతీ పట్టేసింది. గుండె దడ, వేళ్లు తిమ్మిర్లు, ఎంత లాగినా ఊపిరి చాలడం లేదు. మా మేస్త్రీ "ఏందన్నా, మొహమంతా చెమట్లు పట్టినాయే" అని ఆటోలో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఈసీజీ, రక్తపరీక్ష, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ అయ్యాయి. గుండె బాగుంది అన్నారు. కొన్నాళ్లకు మళ్లీ అదే వచ్చింది, మళ్లీ ఈసీజీ బాగానే ఉంది. గుండె డాక్టరు చీటీ మీద ఈ సెంటర్ పేరు రాసి ఇచ్చారు.

ఛాతీ నొప్పి వస్తే ముందు గుండె పరీక్షలే చేయించుకోవాలి, టెన్షనే కదా అని ఇంట్లో కూర్చోకూడదు. ఈ సెంటర్‌లో కూడా మొదట ఆ రిపోర్టులే అడిగారు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకుని రమ్మన్నారు, థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ, చెమటలు, చేతుల వణుకు వస్తాయట. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. వచ్చినవాణ్ని వచ్చినట్టు కుర్చీలో కూర్చోబెట్టి మాటలు చెప్పి పంపే రకం కాదు వీళ్లు.

ఇక్కడికి రాకముందు నాకు అందరూ ఒకే మాట చెప్పారు. టెన్షన్ పడొద్దు. మా బామ్మర్ది చెప్పాడు, పక్క ఫ్యాక్టరీ ఆయన చెప్పాడు, మందుల షాపులో కూడా అదే. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ ఎలా పడకుండా ఉండాలో ఒక్కరూ చెప్పలేదు. మా అమ్మ గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించింది. కౌన్సెలర్ మేడమ్ ఆ తాయెత్తు చూశారు, తీసేయమనలేదు. "ఉండనీయండి, అమ్మకు ధైర్యం కదా" అన్నారు. మేడమ్‌ది కూడా మా సీమ మాటే. కంతు అంటే ఏంటో, పార్టీ చెయ్యి ఎత్తేసింది అంటే ఏంటో ఆమెకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఇది చిన్న విషయంలా కనిపించొచ్చు గానీ, మనసులో ఉన్నది బయటికి రావాలంటే అవతలి మనిషికి మన మాట తెలియాలి.

గోడ మీద ఆమె ఎం.ఫిల్ పట్టా, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఫ్రేము కట్టి ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ఇది చూసుకోండి. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడానికి ఆ కౌన్సిల్‌లో నమోదు ఉండాలి. వాళ్లు మాటల ద్వారా వైద్యం చేస్తారు, మందులు రాయరు. మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు. ఈ సెంటర్‌లో ఇద్దరూ ఉన్నారు, డాక్టరు గారు మాత్రం వారంలో కొన్ని సాయంత్రాలే కూర్చుంటారు.

మొదటిరోజు తెలుగులో అచ్చువేసిన రెండు కాగితాలు ఇచ్చారు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇలా అనిపించింది అని ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 వరకు గుర్తు పెట్టాలి. ఆందోళన గురించి 7 ప్రశ్నలు, దిగులు గురించి 9. మొదటిదాంట్లో మొత్తం 21. 10 నుంచి ఒక మోస్తరు, 15 నుంచి తీవ్రం అని లెక్క. నాది 15 దాటింది. అది చూపించి భయపెట్టలేదు. బీపీ చూసినట్టే ఇది కూడా, మళ్లీ కొన్ని వారాలకు చూస్తాం, తగ్గుతోందో లేదో తెలుస్తుంది అన్నారు.

రెండో కాగితంలో చివరి ప్రశ్న చావు గురించి. మేడమ్ దాన్ని కాగితం మీద వదిలేయకుండా నోటితో అడిగారు. "చచ్చిపోతే బాగుండు అని ఎప్పుడైనా అనిపించిందా అన్నా?" అని సూటిగానే. ఒక్కోసారి పొద్దున లేవకపోయినా బాగుండు అనుకున్నాను అని చెప్పాను. ఆ మాట నా భార్యకు కూడా చెప్పి ఉండలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని మనవాళ్లు అనుకుంటారు. అలా జరగదనీ, అడగడం వల్లే చాలామంది బయటపడి సాయం తీసుకుంటారనీ పరిశోధనలు చెబుతున్నాయట. తర్వాత అదే కాగితం వెనక, మనసు బాగా చెడిన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ముగ్గురి పేర్లు నా చేతనే రాయించారు. మాకు ఊరి దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉన్నాయా అని అడిగి, పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మా తమ్ముడి దగ్గర ఉంచమన్నారు. అంత జాగ్రత్తగా నన్ను పట్టించుకున్న మనిషి ఆమె.

ఛాతీ పట్టేయడం గురించి ఆమె చెప్పింది ఇక్కడ రాస్తాను, చాలామందికి పనికొస్తుంది. ప్రమాదం అనుకున్నప్పుడు మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, ఆ తర్వాత కార్టిసాల్ అనే హార్మోన్లను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, పారిపోవడానికో కలబడడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. పాము ఎదురైతే అది ప్రాణం కాపాడుతుంది. కానీ బ్యాంకు మెసేజ్ చూసినా ఒళ్లు అదే పని చేస్తుంది, ఎటు పారిపోవాలో మాత్రం తెలియదు. ఆ కంగారులో ఊపిరి వేగంగా తీసుకుంటాం కాబట్టి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. దాన్ని చూసి ఇంకా భయపడతాం, దడ ఇంకా పెరుగుతుంది. ఎక్కువమందికి పది నిమిషాల లోపే అది పైకి పోయి దిగడం మొదలవుతుందట. "పాలిష్ మిషన్‌కు నీళ్లు ఆపేసి నడిపితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?" అని అడిగారు. రాయి కాలిపోతుంది, బండ చెడిపోతుంది. నిద్ర లేకుండా, విరామం లేకుండా నా ఒంటిని నేను అలా నడుపుతున్నానని అర్థమైంది. ఆ తర్వాత వచ్చిన దడకు నేను ఆసుపత్రికి పరిగెత్తలేదు, దిగేదాకా కూర్చున్నాను. పరీక్షలన్నీ అయి ఉన్నాయి కాబట్టే ఆ ధైర్యం.

నాకు అన్నిటికంటే మేలు చేసింది మాత్రం లెక్కల కాగితం. రెండోసారి వెళ్లేటప్పుడు బాకీల చిట్టా తెమ్మన్నారు. మనసు బాగోలేదని వస్తే చిట్టా ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆమె కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఈ వారం నేను ఏదో ఒకటి చేయగలిగినవి, కుడివైపు ఇప్పుడు నా చేతిలో లేనివి రాయమన్నారు. మోర్బీ టైల్స్ రేటు కుడివైపు పడింది. కరెంటు చార్జీ కుడివైపు. బ్యాంకు కంతు కుడివైపు రాస్తుంటే చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. "మేనేజర్‌ను కలిసి గడువు పెంచమని అడిగారా?" అన్నారు. అది ఎడమవైపు పోయింది. బయట ఊరి పార్టీ బాకీ కూడా ఎడమవైపుకే పోయింది.

ఒత్తిడిని తట్టుకోవడం రెండు రకాలని 1980ల్లో రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అనే అమెరికా సైకాలజిస్టులు వివరంగా చెప్పారట. సమస్యనే పట్టుకుని దాని మీద పనిచేయడం ఒకటి, సమస్య వల్ల మనసులో లేచే బాధను సంభాళించుకోవడం ఇంకొకటి. ఎడమ గడికి మొదటిది, కుడి గడికి రెండోది. మార్చగలిగిన దాని గురించి ఊరికే దండం పెట్టుకుని కూర్చున్నా, మార్చలేని దానితో రోజూ కుస్తీ పట్టినా మనిషి అలిసిపోతాడు. మా నాన్న ఇరవై ఏళ్లు కుడి గడితో కొట్లాడి పోయారు. ఆ మాట మేడమ్‌తో చెప్పేటప్పుడు ఏడ్చాను. ఆమె గడియారం చూడలేదు.

ఎడమ గడిలోవి ఒక్కొక్కటే చేశాను. మా ఆడిటర్‌ను అడిగితే, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) ఉన్న చిన్న యూనిట్లకు కొన్నవాళ్లు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలోనే ఉందన్నాడు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కూడా కట్టాలి. ఫిర్యాదు చేయడానికి 2017లో సమాధాన్ అనే పోర్టల్ కూడా పెట్టారు. ఆ సంగతి రాసి ఒక నోటీసు పంపాం. కొంత డబ్బు వచ్చింది, అంతా రాలేదు. బ్యాంకులో గడువు పెంచారు. ఫ్యాక్టరీ కష్టాలు తీరిపోయాయని రాస్తే అబద్ధం అవుతుంది. కానీ పొద్దున లేచేసరికి ఏం చేయాలో ఒక్క పని చేతిలో ఉంటే ఒంట్లోని దడ సగం తగ్గుతుందని నేను నా ఒంటితోనే చూశాను.

కుడి గడి కోసం నేర్పినవి రాస్తాను. దిగులు పడడానికి ఒక వేళ పెట్టుకోమన్నారు. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా నోటుబుక్కు తెరిచి, ఉన్న భయాలన్నీ రాయాలి. రాత్రి రెండింటికి భయం వస్తే రేపు ఆరింటికి నీ సంగతి చూస్తా అని పక్కన పెట్టాలి. మొదట్లో కుదరలేదు. వదలకుండా చేస్తే కుదిరింది. ఊపిరి సంగతి: నాలుగు లెక్కపెడుతూ తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలాలి. వదలడం పొడుగ్గా ఉంటే మెదడు నుంచి గుండె దాకా వచ్చే వేగస్ నరం ద్వారా గుండె నెమ్మదిస్తుంది. ఇంకొకటి, పిడికిలి గట్టిగా బిగించి వదలడం, తర్వాత భుజాలు, దవడ, పాదాలు. షికాగోలో ఎడ్మండ్ జేకబ్సన్ అనే డాక్టరు నూరేళ్ల కిందట తయారుచేసిన పద్ధతి అది. నా దవడ పగలంతా బిగిసి ఉంటోందని అది చేసినప్పుడే తెలిసింది.

నిద్ర గురించి చెప్పినవి మా ఇంట్లో అందరికీ పనికొచ్చాయి. పక్క మీద ఇరవై నిమిషాలు దొర్లినా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ పడుకోవాలి. ఏ రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. మధ్యాహ్నం తర్వాత టీ మానేయాలి, తాగినదాంట్లో కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఫ్యాక్టరీలో సాయంత్రం టీ మానేయడం నాకు అన్నిటికంటే కష్టమైంది. దాని బదులు పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి దాకా నడుస్తున్నాను. స్వామిని చూసినట్టూ ఉంటుంది, కాళ్లు కదిలినట్టూ ఉంటుంది.

డాక్టరు గారు మాత్ర కూడా రాశారు. ఇంట్లో పిచ్చి మందులు ఎందుకని గొడవ చేశారు. ఆయన నా భార్యను కూర్చోబెట్టి, ఇది మత్తు కోసం కాదు, గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, బాగుందని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు అని చెప్పారు. ఆందోళన తగ్గడానికి, నిద్రకు వాడే అల్‌ప్రజోలం లాంటి మాత్రల గురించి గట్టిగానే హెచ్చరించారు. కొద్ది రోజులు మాత్రమే, అదీ డాక్టరు రాస్తేనే వాడాలి, అలవాటైతే వదలడం కష్టం. ఎవరికి ఏ మందో వాళ్ల డాక్టరే చెప్పాలి కాబట్టి నా మాత్ర పేరు ఇక్కడ రాయను.

నా భార్యను పిలిచిన రోజు గురించి తక్కువే రాస్తాను. "ఈయన రాత్రంతా మిద్దె మీద తిరుగుతారు మేడమ్, అడిగితే ఏం లేదంటారు" అని ఆమె అంటే మేడమ్ నా వైపు చూసి, ఇప్పుడు చెప్పండి అన్నారు. బాకీ మొత్తం ఎంతో ఆరోజే మొదటిసారి ఆమెకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఇంత మోస్తున్నారా అని మాత్రం అంది.

ఇక డబ్బు సంగతి. 45 నిమిషాలకు 700 రూపాయలు, డాక్టరు గారి ఫీజు వేరు. మొదట వారం వారం, తర్వాత నెలకోసారి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇన్సూరెన్సు ఇవ్వాలి, కానీ మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బు ఇస్తాయి. ఇలా వచ్చిపోయే కౌన్సెలింగ్‌కు వర్తిస్తుందో లేదో మీ పాలసీ కాగితంలో చూసుకోండి. ఆ ఫీజు భరించలేనివాళ్లకు అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఉంది. పల్లెల దాకా ఈ వైద్యం అందించొచ్చని 1980ల్లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు చేసి చూపించింది మన పక్క జిల్లా బళ్లారిలోనే. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మనకు ఇది ఎక్కడో పట్నం వాళ్ల వైద్యం ఏమీ కాదు.

సెంటర్ సాయంత్రం ఎనిమిదికి మూసేస్తారు, రాత్రి ఫోన్ ఎత్తరు. ఆ సంగతి మొదటిరోజే చెప్పి, మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే టెలీ మానస్ నంబరు ఇచ్చారు. 14416, లేదా 1800-891-4416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు. కంతు తేదీ ముందు ఒక రాత్రి మిద్దె మీద నుంచే చేశాను. అవతలి అమ్మాయి తొందరపెట్టకుండా విన్నది, పక్కన ఎవరున్నారని అడిగింది, నాతో పాటు ఊపిరి లెక్కపెట్టింది. మీరు ఏ సెంటర్‌కు వెళ్లినా వెళ్లకపోయినా ఈ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

ఐదో స్టారు ఎందుకు ఆపానంటే వెయిటింగ్ హాలు. ఒకటే గది, అడ్డం తెర కూడా లేదు. రిసెప్షన్‌లో కూర్చున్న అబ్బాయి ఊరు పేరు, మనిషి పేరు కలిపి గట్టిగా పిలుస్తాడు. "తాడిపత్రి ఫలానా రెడ్డి గారు, కౌన్సెలింగ్" అంటే హాలంతా తిరిగి చూస్తుంది. ఒకసారి మా వీధి ఆయన అక్కడే కింద ల్యాబ్‌కు వచ్చి ఉన్నాడు, నేను లేచి వెళ్లలేక కూర్చుండిపోయాను. ఒక ఆడపిల్ల తన పేరు పిలవగానే చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోవడం చూశాను. ఆ అమ్మాయి మళ్లీ వచ్చిందో లేదో. అపాయింట్‌మెంట్ వేళకు పిలవకపోవడం కూడా ఉంది, గంట ఆలస్యం మామూలే, బయటి ఊళ్లవాళ్లకు చివరి బస్సు బెంగ. లిఫ్టు లేదు కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకొచ్చేవాళ్లు ముందే ఫోన్ చేస్తే మేడమే కిందికి వచ్చి ల్యాబ్ పక్క గదిలో మాట్లాడతారు, అది చేస్తున్నందుకు మెచ్చుకోవాలి.

తాడిపత్రి, గుత్తి, ఉరవకొండ వైపు నుంచి వచ్చేవాళ్లు పొద్దున పదిన్నర స్లాటు అడగండి, ఆలస్యం తక్కువ. సోమవారం వద్దు, రద్దీ. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి. సెంటర్ వాళ్లు ఇది చదువుతుంటే ఒక్క విన్నపం: పేర్లు పిలవడం మానేసి టోకెన్ నంబర్లు పెట్టండి. నంబరు పలకల ఖర్చు నేను ఇస్తానని మీ రిసెప్షన్‌లో చెప్పాను, ఇక్కడ కూడా రాస్తున్నాను. పెట్టిన రోజు ఐదో స్టారు వేస్తాను.